ఓడినోడి కొబ్బరికాయ

మా అన్న కుడిచేతి వెండి కడెం ఇప్పుడు ఊడిరాదు. ఇరవై రెండేళ్ల వయసులో గెలిచినప్పుడు అది మణికట్టు మీద వదులుగా జారుతుండేది. ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డాడు. ఒంటికి నీరు చేరి చెయ్యి ఉబ్బింది, కడెం మాంసంలోకి దిగిపోయింది. దాని కింద చెమట, సబ్బు నురగ, దుమ్ము చేరి పులిసిన వాసన వస్తుంది. నా భర్త పోయాక నేను అన్న ఇంటి వెనక గదిలో ఉంటున్నాను. వదిన మోకాళ్ల నొప్పులతో వంగలేదు. అందుకని ఆ కడెం కింద శుభ్రం చేసే పని నాకు పడింది. వారానికొకసారి తడిపిన పేలికను దాని కిందికి దూర్చి అటూ ఇటూ లాగుతాను. నల్లటి మడ్డి వస్తుంది.

"కోయిపిచ్చి తీపిద్దాం అన్నా" అంటే ఒప్పుకోడు.

"నా పానం పోయినంక కొయ్యుండ్రి. ఊర్ల ఇంకెవనికన్న ఉన్నదా గిసొంటి కడెం? ఎవని మీదన్న ఉన్నదా గంత పాట?"

లేదు. ఆ కడెం మీద పాట ఉంది, దాన్ని కట్టింది నేనే.

మా ఊరి జాతర కుస్తీలు జరిగిన మైదానం ఇప్పుడు విమానాశ్రయం గోడ లోపల ఎక్కడో ఉంది. అప్పుడది ఎర్రమట్టి నేల. జాతరకు రెండు రోజుల ముందే మట్టిని తవ్వి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి మెత్తగా చేసేవారు. పొద్దున చిన్నపిల్లలతో మొదలయ్యేది, గెలిచిన పిల్లవాడికి కొబ్బరికాయ. ఎండ వాలేకొద్దీ పెద్దవాళ్లు దిగేవారు. అన్నిటికన్నా చివరిది కడెం కుస్తీ. దానికి మాత్రం ఒక పద్ధతి ఉండేది. గెలిచినవాడికి కడెం తొడిగాక ఓడినవాడికి కొబ్బరికాయ ఇస్తారు. అతను దాన్ని కుడిచేత్తో అందుకొని కళ్లకద్దుకోవాలి. అలా చేస్తే ఓటమి ఒప్పుకున్నట్టు, మనసులో పగ పెట్టుకోనట్టు. రెండు ఊళ్ల మధ్య గొడవ రాకుండా పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు అది.

నాకప్పుడు పదమూడేళ్లు. ఆడపిల్లలు మట్టి దగ్గరికి పోకూడదు కనుక దూరంగా ఎడ్లబండి మీద నిలబడి చూశాను. మా అన్నతో కుస్తీకి దిగినవాడు కందుకూరు వైపు నుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అన్న అతన్ని ఎత్తి వెల్లకిలా పడేశాడు. వీపు నేలకు తగిలింది. అంటే కుస్తీ అయిపోయింది. కుస్తీ నడిపే పెద్దమనిషిని ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన "బస్, బస్" అని అన్న భుజం మీద చరిచాడు. అన్న వదల్లేదు. కిందివాడి కుడిచెయ్యి అన్న చంకలో ఇరుక్కుని ఉంది. దాన్ని పట్టుకుని మెలి తిప్పాడు. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. బండి మీద ఉన్న నాకు వినబడింది.

ఆ తర్వాత అన్నకు కడెం తొడిగారు. డప్పులు మోగాయి. ఓడినతను లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర పక్కకు తిరిగి వేలాడుతోంది. ఎవరో పెద్దమనిషి పద్ధతి ప్రకారం కొబ్బరికాయ చాచాడు. అతని కుడిచెయ్యి లేవలేదు. అప్పుడు ఇంకెవరో దాన్ని అతని ఎడమచేతిలో పెట్టారు. దేవత ముందు కాయను ఎడమచేత్తో పట్టుకున్నవాణ్ని చూసి జనం గొల్లుమన్నారు. కాయ అతని చేతిలోంచి కిందపడి దొర్లింది. జనం ఇంకా నవ్వారు. మా అన్న నవ్వాడు. బండి మీద నేనూ నవ్వాను.

ఆ ఏడు వరినాట్లప్పుడు, వరుసగా వంగి నాటేస్తున్న ఆడవాళ్లలో పాట అందుకునే ముసలమ్మ నన్ను పిలిచింది.

"ఏమే పోరీ, మీ అన్న కడెం గెల్సె, నీ నోట్ల ఏమన్న బెల్లం గడ్డ ఉన్నదా? ఒక పాట కట్టరాదె."

నాకు గొంతు ఉంది. అక్షరం ముక్క రాదు గాని మాటకు మాట అతికించడం తెలుసు. బురదలో వంగి నారు గుచ్చుతూ కట్టాను.

కొండలెక్క నిలిచిండు కోలో మా అన్న
కడెం కొరకు దిగిండు కోలో మా అన్న

అలా సాగి, ఓడినవాడి దగ్గరికి వచ్చింది. "ఏడ్చుకుంట పోయిండు" అన్నాను. ముసలమ్మ నారు కట్టను నీళ్లలో కొట్టింది.

"థూ, నీ నోరు పడ! నాటేసేటప్పుడు ఏడుపు మాట తెస్తరానే? పైరు ఎదుగుతదా? మార్చు."

మా పొలాల్లో అది పట్టింపు. నాటు పాటలో ఎవరూ ఏడవకూడదు, ఎవరూ చావకూడదు, దెబ్బ తగిలినా నొప్పి పుట్టకూడదు. నాటు పడ్డ నేల విన్నది మొలుస్తుందని నమ్మకం. నేను రెండు మొలకలు గుచ్చేలోపు మార్చేశాను.

ఓడినోడు నవ్వుకుంట కోలో మా అన్న
కొబ్బరికాయ అద్దుకుంట కోలో మా అన్న
దండం పెట్టి పోయిండు కోలో మా అన్న

"గిట్ల ఉండాలె" అంది ముసలమ్మ. అందరూ అందుకున్నారు. ఆ ఏడు పైరు బాగా వచ్చింది. పాట కాలవ నీళ్లలా ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పారింది. పెళ్లై ఊరు దాటిన ఆడపిల్లలు తమతోపాటు మోసుకెళ్లారు. నలభై ఏళ్లకు పైగా నేను దాన్ని సిగ్గు లేకుండా పాడాను. పాడమంటే ముందు కొంచెం బెట్టు కూడా చేసేదాన్ని.

అక్షరాలు నేర్చుకున్నది యాభై నాలుగేళ్లకు. అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నాలు ఒక పంతులమ్మ మాలాంటివాళ్లను కూర్చోబెట్టి దిద్దించేది. గుణింతాలు వచ్చాక, మీకు నోటికి వచ్చింది ఏదైనా రాయండి అంది. నేను పాట రాశాను. నాలుగు రోజులు పట్టింది. రాశాక వేలు పెట్టుకుని చదివాను. పాడేటప్పుడు మాటలు వచ్చిపోతాయి, ఒకదాన్ని ఇంకొకటి తోసేస్తుంది. కాగితం మీద అవి కదలలేదు. "ఓడినోడు నవ్వుకుంట" అన్న చోట నా వేలు ఆగింది. నవ్వింది ఎవరో నాకు తెలుసు. వేలాడే చెయ్యి కళ్లముందుకొచ్చింది. పుస్తకం మూసేశాను. పంతులమ్మ బాగా రాశావని చప్పట్లు కొట్టించింది. నాకు ఆ చప్పట్లు కూడా రోతగా అనిపించాయి.

అయినా నోరు మూసుకుని ఉన్నాను. అదీ చెప్పాలి.

ఈ వేసవిలో మా అన్న కొడుకు, అంటే నా మేనల్లుడు, ఫోన్ పట్టుకుని నా గదికి వచ్చాడు. విమానాశ్రయం కింద భూములు పోయాక వచ్చిన డబ్బుతో పెరిగిన పిల్లవాడు. ఊళ్లో పెద్దమనిషి కావాలని ఆశ.

"అత్తా, జర పాట పాడు. రికార్డ్ చేస్తా."

"ఎందుకురా?"

"ఎందుకేంది? ఊకె. బాపు పాట గదా, ఉండాలె."

పాడాను. మొత్తం పాడాను, ఆ చివరి వరుసలతో సహా. ఒక్కసారి చాలక మూడుసార్లు పాడించుకున్నాడు.

పది రోజులకు రోడ్డు మీద ఫ్లెక్సీలు వెలిశాయి. నేను కూడబలుక్కుని చదివాను. కడెం బాక్సింగ్. మా అన్న తలకాయను ఎవరివో కండలు తిరిగిన ఒంటికి అతికించి, చేతులకు ఎర్రటి గ్లౌజులు తొడిగారు. జన్మలో గ్లౌజు ముఖం చూడని మనిషి. ఆ ఫ్లెక్సీ కింద రోజూ పొద్దున నిలబడి తలెత్తి చూసుకునేవాడు.

"నా లెక్కనే ఉన్నదా?" అని దారినపోయేవాళ్లను అడిగేవాడు.

తొండుపల్లి దగ్గర ఫంక్షన్ హాలు కట్టిన ఒక కోస్తా ఆయన, మా మేనల్లుడు కలిసి పెట్టిన పోటీ అది. గెలిచిన కుర్రాడికి కొత్త వెండి కడెం. ఫంక్షన్ హాలు ఆయన మర్యాదస్తుడు, స్వయంగా మా ఇంటికి వచ్చాడు.

"అమ్మా, మీ పాటను మా వాళ్లు మంచి మ్యూజిక్ పెట్టి తయారు చేయించారండీ. అందులో ఓడిపోయిన పెద్దాయన బతికే ఉన్నారటగా? ఇద్దరినీ స్టేజీ మీద నిలబెట్టి, ఆ కొబ్బరికాయ ఘట్టం మళ్లీ చేయిస్తే ఎంత నిండుగా ఉంటుందో చూడండి."

"ఆయన రాడు" అన్నాను.

"నువ్వు పిలిస్తే వస్తడు అత్తా" అన్నాడు మేనల్లుడు. "పాట నువ్వే కట్టినవు గదా."

నేను వెళ్లకుండా ఉండాల్సింది. కాని ఆ మనిషిని ఒక్కసారి చూడాలని నాలోనే ఏదో లాగింది. మేనల్లుడి కారులో కందుకూరు వెళ్లాం.

ఊరికి కొంచెం ఎడంగా, రేకులిల్లు. ముందు అరెకరం మడి, బోరు. మేం వెళ్లేసరికి అతను అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర కొంగముక్కులా వంగి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఎడమచేత్తో తింటున్నాడు. మమ్మల్ని చూడగానే కంచం వెనక్కి తోసి, ఎడమచేతిని పంచెలో దాచుకున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, దొంగతనం దొరికినవాడిలా.

నేను ఎవరినో చెప్పాను. అతని భార్య మాట్లాడింది.

"ఓహో, నువ్వేనా ఆ పాట కట్టిన తల్లివి? నేను గీ ఇంటికి కొత్త కోడలుగ వచ్చిన ఏడు, మా మడిలనే నాటేసుకుంట గదే పాట పాడిండ్రు. ముందుగాల నాకు తెల్వలే. నేను గూడ పాడిన. ఇంటికొచ్చి చూస్తే, పాటల నవ్వుకుంట పోయినాయన ఎడమచేత్తోని బువ్వ తింటుండు."

"వదినె..." అన్నాను.

"పెండ్లిల్లల్ల, పబ్బాలల్ల ఈయన పక్కన ఎవరు కూసోరు. రోతనట. విస్తారి పట్టుకొని గొడ్ల కొట్టంల కూసుంటడు. నలభై ఏండ్ల సంది గంతే."

"ఊకోవే" అన్నాడు అతను. తర్వాత నా వైపు తిరిగాడు. "చెల్లె, నువ్వు బండి మీద ఉన్నవ్. నాకు యాదికున్నది. ఆకుపచ్చ లంగ."

అవునని తలూపాను.

"నువ్వు చూసినవ్ గదా. నేను నవ్విన్నా?"

"నవ్వలే అన్నా."

"మరి?"

నాటు పాటలో ఏడుపు రాకూడదని మార్చామని చెప్పాను. నా చెవికే అది రోతగా వినిపించింది. అతను తల ఊపాడు. పట్టింపు అతనికీ తెలుసు, అతనూ రైతే.

"నా చెయ్యి ఇర్గింది, పోయింది. ఓడిపోయిన, గదీ పోయింది. గాని నవ్వినా అంటరు సూడు. చెయ్యి ఇర్గినోడు నవ్వుకుంట దండం పెడ్తడా? నా మనుమలు గూడ 'తాతా, నువ్వు నవ్వినవట గదా' అంటరు. నేను సచ్చేలోపట నలుగురి ముంగట ఎవరన్న ఒకరు, గీయన నవ్వలే అని చెప్పాలె. గదొక్కటి చెప్తా అంటే వస్త. లేకుంటే రాను."

"నేను చెప్త" అన్నాను. "ఆ చివరి మాటలు తీసేపిస్త. స్టేజీ మీద నా నోటితోని చెప్త."

"మాట తప్పకు చెల్లె."

మేనల్లుడు కారు తలుపు దగ్గర ఫోన్ చూసుకుంటూ అంతా విన్నాడు. తిరిగి వస్తూ దారిలో రెండుసార్లు అడిగాను.

"తీసేస్తా అత్తా, ఏందది, రెండు మాటలే గదా. ఊకె పరేషాన్ గాకు."

పోటీ ఆదివారం మధ్యాహ్నం జరిగింది. పెళ్లి మండపం ఉండేచోట తాళ్లు కట్టిన రింగు నిలబెట్టారు. ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూల దండలు ఇంకా స్తంభాలకు వాడిపోయి వేలాడుతున్నాయి. పన్నీరు వాసన, బిర్యానీ వాసన, గ్లౌజుల చెమట వాసన అన్నీ ఆ ఏసీ గదిలో కలిసి ముద్దకట్టాయి. ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకుంటున్నారు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఒకడికి కనుబొమ్మ చిట్లింది. మూలన కూర్చోబెట్టి మొహం మీద నీళ్లు కొట్టారు, బకెట్టులోకి ఉమ్మించారు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ బకెట్టుకు నాలుగు అడుగుల దూరంలో ముందు వరుసలో ఒకాయన ఒళ్లో ప్లేటు పెట్టుకుని కోడికాలు చీకుతున్నాడు. ఎముకను గాలిలో ఊపుతూ అరుస్తున్నాడు.

"కన్ను మీదనే కొట్టు! కన్ను మీదనే!"

కుర్రాడు అక్కడే కొట్టగానే ఆయన లేచి నిలబడ్డాడు, ప్లేటు ఒలికింది. పక్కావిడ చీర దులుపుకుని నవ్వింది. నాకు ఆ జాతర నాటి నవ్వు వినబడింది. ఆ నవ్వులో నా గొంతూ ఉంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

కందుకూరు ఆయన వచ్చాడు. కొత్త పంచె, తెల్ల చొక్కా, కుడి చొక్కాచేతిని భార్య మడిచి పిన్నీసు పెట్టినట్టుంది. నా పక్కన కూర్చున్నాడు. ఎవరో బిర్యానీ ప్లేటు తెచ్చారు. తీసుకోలేదు.

"చెప్తవ్ గదా" అన్నాడు.

"చెప్త అన్నా."

గెలిచిన కుర్రాడి చెయ్యి ఎత్తారు. దీపాలు ఎరుపు, నీలం తిరిగాయి. మా అన్నను రింగులోకి ఎక్కించారు, ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ఉబ్బిన చెయ్యి పైకెత్తి కడెం చూపించాడు. మైకు పట్టుకున్న అమ్మాయి గట్టిగా అరిచింది.

"ఇప్పుడు పాటలోని మన నవ్వుల పహిల్వాన్ తాతగారు! ఒకసారి గట్టిగా చప్పట్లు!"

నవ్వుల పహిల్వాన్. అతను నా వైపు చూశాడు. లేచి, నేను వెనకే వస్తున్నానని చూసుకుని, మెట్లెక్కాడు. నేనూ ఎక్కాను. అమ్మాయి చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"జర ఆగుండ్రి. ఒక మాట చెప్పాలె" అన్నాను.

అప్పుడే పాట మొదలైంది. గోడలు అదిరేలా డప్పులు, దాని మీద నా గొంతు. కొండలెక్క నిలిచిండు. నేను మైకులో చెబుతూనే ఉన్నాను: ఈయన నవ్వలేదు, ఈయన చెయ్యి విరిగింది, మా అన్న వదల్లేదు, అబద్ధం కట్టింది నేను. నోరు కదలడం నాకు తెలుస్తోంది, మాట నాకే వినబడటం లేదు. స్పీకర్లలోంచి నా గొంతు నా గొంతును తొక్కేసింది. జనం నేను పాటతో కలిసి పాడుతున్నాననుకుని చప్పట్లు వేశారు.

చివరి వరుసలు వచ్చాయి. తీసెయ్యలేదు. పైపెచ్చు దాన్నే ముక్క చేసి మళ్లీ మళ్లీ తిప్పారు. నవ్వుకుంట, నవ్వుకుంట, నవ్వు నవ్వు నవ్వుకుంట. మేనల్లుడు రిబ్బను కట్టిన కొబ్బరికాయ పట్టుకుని అతని ముందు నిలబడ్డాడు. ఫోన్లన్నీ లేచాయి.

"తాతా, జర నవ్వు! వీడియో!"

అతను కాయను ముట్టుకోలేదు. నన్నూ చూడలేదు. మెట్లు దిగి, కుర్చీల మధ్య నుంచి, తలుపు దాకా నెమ్మదిగా నడిచి వెళ్లిపోయాడు. మేనల్లుడు మైకులో "పెద్దాయనకు సిగ్గు!" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను బయటికి పరిగెత్తేసరికి అతను ఆటో ఎక్కేశాడు.

"తీసేస్తా అన్నవ్ గదరా" అని మేనల్లుణ్ని నిలదీశాను.

"గదే గదా అత్తా హిట్టు? గా ముక్క తీసేస్తే ఇంకేమున్నది పాటల?"

ఫంక్షన్ హాలు ఆయన చేతులు జోడించాడు. "ఆ సంగతి నాకెవరూ చెప్పలేదమ్మా. చెప్పుంటే మరోలా చేసేవాళ్లం కదండీ." ఆయన బిర్యానీ పొట్లం ఒకటి కట్టించి నా చేతిలో పెట్టాడు. గేటు బయట కుక్కలకు వేశాను.

ఆ వారం అన్న కడెం కింద తుడవలేదు.

"వాసనొస్తుంది చెల్లె" అన్నాడు.

"రానీ."

"నా మీద గంత కోపమేంది? చెయ్యి నేను ఇర్సిన. నేను యాడన్న లేదన్ననా? నవ్విండని నువ్వే గదా కట్టినవ్."

ఇన్నేళ్లలో అన్న చెప్పిన నిజం అదొక్కటే. గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. నోట్‌బుక్కు తీశాను. పాట రాసిన పేజీకి ఎదురుగా ఖాళీ పేజీ ఉంది. జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టాను. ఒత్తులు తప్పాయి, కొట్టేసి మళ్లీ రాశాను. ఉస్తాద్ బస్ అన్నాడని, మా అన్న వదల్లేదని, కందికట్టె చప్పుడని, ఎడమచేతిలో కాయ పెట్టారని, అది జారి పడిపోయిందని, అందరూ నవ్వారని, నేనూ నవ్వానని, అతను మాత్రం నవ్వలేదని రాశాను. రెండు పేజీలు. వారం పట్టింది. ఈలోగా మా వీధిలో పిల్లల ఫోన్లలో, ఆటోల్లో, ఆరాంఘర్ దగ్గర రోడ్డు మీద ఆగిన కార్లలో సైతం నా గొంతు నవ్వుకుంట నవ్వుకుంట అని తిరుగుతూనే ఉంది. విన్నచోటల్లా ఉమ్మాలనిపించేది. మన గొంతు మీద మనమే ఎలా ఉమ్ముకుంటాం.

వానలు పడ్డాక రెండు బస్సులు మారి కందుకూరు వెళ్లాను.

ఇంటి ముందు మడిలో నాట్లు పడుతున్నాయి. ఎనిమిది మంది ఆడవాళ్లు వరుసగా వంగి ఉన్నారు. అతని భార్య గట్టు మీద నారు కట్టలు అందిస్తోంది. నన్ను చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"మల్ల ఎందుకొచ్చినవ్? ఇంక ఏం మిగిలిందని?"

నోట్‌బుక్కు చూపించాను. "రాసుకొచ్చిన వదినె. అన్నకు సదివి వినిపిద్దామని."

"ఆయనకెందుకు? ఆయనకు తెల్వదా ఏమైందో?" ఆమె నా రెక్క పట్టుకుంది. బురద చెయ్యి. గట్టు మీదికి లాగింది. "గీడ సదువు. గీళ్ల ముంగట."

"నాట్లు పడుతున్నయి గదనే."

"పడనీ."

ఆడవాళ్లు నడుములెత్తారు. అందరిలోకి పెద్దావిడ ఒకామె కంగారుగా అడిగింది. "ఏం సదువుతది? ఏడుపు గిట్ట లేదు గదా అండ్ల?"

"ఉన్నది" అంది అతని భార్య.

"అయ్యో, పైరు పాడైతది!"

"ఎండిపోనీ. మాదే గదా మడి. మీ కూలీ మీకిస్త. నిలవడి ఇనుండ్రి."

వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను. పైన విమానం పోతే ఆగాను. అది దాటాక మళ్లీ ఆ వాక్యం మొదటి నుంచి చదివాను. కందికట్టె దగ్గర పెద్దావిడ చెవులు మూసుకోబోయి, చేతుల నిండా బురద ఉందని మానుకుంది. కాయ అతని ఎడమచేతిలో పెట్టారు, అది జారి పడిపోయింది అని చదివాను.

"జారలే."

తిరిగి చూశాను. అతను అరుగు దిగి గట్టు దాకా వచ్చి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"కాయ జారలే" అన్నాడు మళ్లీ, మడిలో అందరికీ వినపడేలా. "నా ఎడమచెయ్యికి ఏమైంది? మంచిగనే ఉండె. గట్టిగనే పట్టుకున్న. నేనే ఇడ్సిన. దాన్ని నేను అద్దుకోను అని, కావాలని ఇడ్సిన."

నేను బండి మీది నుంచి కళ్లారా చూశాననుకున్నాను. చేతగాక పడేసుకున్నాడనే అందరితోపాటు నేనూ నవ్వాను. పాటలో ఒక అబద్ధం కట్టాను, దాన్ని సరిచేస్తానని వారం రోజులు కూర్చుని ఇంకొకటి రాసుకొచ్చాను.

"నలభై ఏండ్ల సంది చెప్పకపోతివి" అంది భార్య.

"ఎవరు అడిగిండ్రు?"

నేను గట్టు మీద కూలబడ్డాను. పెన్ను తీసి, జారి పడిపోయింది అన్నదాన్ని కొట్టేశాను. పైన చోటు చాలలేదు, పక్కన అంచులో రాశాను. కావాలని వదిలేశాడు. రాస్తుంటే పేజీ ఎగరకుండా పట్టుకున్న అతని భార్య బురద వేళ్ల అచ్చు మూలన పడింది.

"రాసినవా?" అన్నాడు.

"రాసిన అన్నా."

"ఇప్పుడు మల్ల మొదటికెంచి సదువు."

చదివాను. అతను నిలబడే విన్నాడు. అయిపోయాక అతని భార్య నారు కట్ట ఒకటి మడిలోకి విసిరింది. ఆడవాళ్లు వంగారు. చాలాసేపు ఎవరూ ఏ పాటా అందుకోలేదు. నీళ్లలో చేతుల చప్పుడు మాత్రం వినబడింది. అతను అరుగు మీదికి వెళ్లి, కంచం ముందుకు జరుపుకుని, నా ఎదురుగానే ఎడమచేత్తో అన్నం కలిపాడు.